తుప్పు చెయ్యి

సాయిప్రసన్న పెట్టె తెరిచి బల్లమీద నాలుగు కీళ్ళు వరసగా పెట్టింది. మూడు ఒక్కలాగే ఉన్నాయి. నాలుగోదానికి ఎర్రదారం కట్టి ఉంది.

"ఇదేనండి, సమయానికి తెరుచుకోనిది," అంది.

ఆమె హైదరాబాదు రక్షణ లాబ్‌లో డిజైనరు. తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు దిగి తిన్నగా షెడ్డుకే వచ్చేసింది. మొహం కూడా సరిగ్గా కడుక్కున్నట్టు లేదు. ఓనరు గోపాలకృష్ణమూర్తి గారు ఇడ్లీలు తెప్పిస్తానంటే వద్దంది. ఆయన తండ్రి కాలంలో ఆ షెడ్డులో రైసుమిల్లు షాఫ్టులు చేసేవారు. ఇప్పుడు గోడమీది పట్టిసీమ వీరభద్రుడి ఫోటో కింద ఓడల్ని కొట్టే మిస్సైల్ రెక్కలకి కీళ్ళు తయారవుతున్నాయి. లోపల పనిచేసే ఇరవై ఇద్దరూ దాన్ని 'లాబ్ వాళ్ళ పిన్ను' అంటారు తప్ప అంతకన్నా పెద్ద పేరు ఎప్పుడూ పెట్టలేదు.

"మైనస్ నలభై చలిలో నాలుగు గంటలుంచి వదిలామండి. మూడు రెక్కలు టక్కున విచ్చుకున్నాయి. ఇది అర సెకను ఆలస్యమైంది."

"అర సెకనే కదండి!" అన్నారు మూర్తి గారు.

"హెలికాప్టర్ కిందనుంచి జారాక ఆ అర సెకనులో మిస్సైల్ పల్టీ కొట్టేస్తుందండి. పెద్ద ఓడల కోసం కాదిది, వేగంగా వచ్చే చిన్న యుద్ధపడవల కోసం. తేలిగ్గా ఉంటేనే చిన్న హెలికాప్టర్ రెండు మోసుకెళ్ళగలదు. అందుకే రెక్కలు మడతపెట్టాను, స్ప్రింగు చిన్నది పెట్టాను. పైనున్నవాళ్ళకి మొదట్నించీ ఆ చిన్న స్ప్రింగు మీద నమ్మకం లేదు. శుక్రవారం సాయంత్రంలోగా కారణం చెప్పలేకపోతే మడత రెక్కలు తీసేస్తారు. అప్పుడది తేలిక మిస్సైలూ కాదు, నాదీ కాదు. ఆరేళ్ళ పనండి ఇది."

ఆ మాట అనేసి ఆమె భూతద్దం దీపం వెలిగించింది.

ఇన్‌స్పెక్టర్ మెర్సీ పక్కనే ఫైలు పట్టుకుని నిలబడింది. ఆ నాలుగు కీళ్ళూ జూలైలో ఆమె చేతిమీదుగానే వెళ్ళాయి. ప్రతి కాగితం అడుగునా ఆమె సంతకమే ఉంది. ఎర్రదారం కట్టిన దాని నంబరు పదిహేడు.

సాయిప్రసన్న కీలులోంచి ఊడదీసిన పిన్నును దీపం కింద అటూ ఇటూ తిప్పింది. వేలెడంత ఉక్కు పిన్ను, ఉంగరం లాంటి కంచు బుష్షులో తిరగాలి. రెంటికీ మధ్య వెంట్రుకలో ఐదో వంతు సందు ఉంటుంది.

"ఈ సన్న గీతలేంటండి? ఇవి గ్రైండింగ్ గీతలు కావు."

లేతు దగ్గర నుంచి బుల్లియ్య చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. పిన్నులన్నీ ఆయన చేసినవే.

"ఆయ్, నేనేనండి. ఆఖర్న సన్న ఎమరీ కాగితంతో ఒక్క పట్టు పడతానండి. నున్నగా జారుద్దని."

"డ్రాయింగులో లేదు కదండి."

"లేదండి. చేతికి తెలుస్తుందండి."

అంతే. మూర్తి గారికి దారి దొరికింది. ఆయన చెడ్డవాడేం కాదు, కానీ భయపడ్డ మనిషికి ఎవరో ఒకరు కావాలి. "ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసని నెత్తిన పెట్టుకున్నాను. దేశం పనిలో కూడా రైసుమిల్లు వేషాలేనా? రేపట్నించి రావద్దు, బుల్లియ్యా!" అని షెడ్డంతా వినబడేలా అరిచారు. సాయిప్రసన్న ఏదో అనబోయింది, ఆయన ఆగలేదు.

బుల్లియ్య వాదించలేదు. లేతు మీది రజను బ్రష్షుతో ఊడ్చాడు. టూల్సు తుడిచి సొరుగులో సర్దాడు. మైక్రోమీటరు పెట్టె తెచ్చి మెర్సీ చేతికిచ్చాడు.

"ఈ చెయ్యి నమ్ముకునే బతికేనమ్మా," అన్నాడు అరచెయ్యి చూసుకుంటూ. "ఎప్పుడు పాడయిందో తెలీలేదు. తెలిస్తే నేనే మానేద్దును గదా."

ఆ మాటకి మెర్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి ఆమెకేమీ తెలియదు. తను బాబాయ్ అని పిలిచే మనిషికి అన్యాయం జరిగిందన్న బాధ ఒక్కటే.

*

బుధవారం పొద్దున్న కూతురు హెలెన్‌కి జడ వెయ్యబోతే కొబ్బరినూనె సీసాలోంచి చుక్క రాలేదు. డిసెంబరు కదా, తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. మెర్సీ అలవాటుగా పొయ్యిమీది వేణ్ణీళ్ళు గిన్నెలో పోసి, సీసా అందులో నిలబెట్టింది. అంచుల దగ్గర నూనె కరగడం చూస్తూ చూస్తూ దువ్వెన కింద పెట్టేసింది.

"అమ్మా, బస్సెళ్ళిపోద్ది," అంది హెలెన్.

ఈ మాత్రం చలికే గడ్డకట్టే నూనె మైనస్ నలభైలో ఏమవుతుంది?

అందరి చెమటా ఒకటి కాదు. కొందరి వేలు ఉక్కుకి తగిలితే మర్నాటికి అక్కడ వేలిముద్ర ఆకారంలో తుప్పు తేలుతుంది. మెర్సీది ఆ చెయ్యి. పనిలో చేరిన మొదటి వారంలోనే, బుష్షులో దూర్చి కొలత చూసే ఉక్కు గేజీలన్నీ ఆమె ముద్రలతో ఎర్రబడ్డాయి. గ్లవుసులు వేసుకుంటే గేజీ బిగువు వేళ్ళకి తెలియదు. మిషనాయిలు రాసుకుంటే అరచేతులు పొక్కిపోయాయి. ఇన్‌స్పెక్షన్‌కి పనికిరాదని పంపించేసేవారే. బుల్లియ్య ఎవరూ చూడకుండా చిన్న సీసా తెచ్చిచ్చాడు. "కొబ్బరినూనె రెండు చుక్కలు చేతులకి రాసుకుని ముట్టుకోమ్మా. మీ పిన్ని వీరమ్మ గానుగ నూనె. తుప్పు నీ జోలికి రాదు," అన్నాడు. ఆరేళ్ళుగా ఆ సీసా ఆమె బల్ల సొరుగులోనే ఉంది. కోనసీమ పక్కన పుట్టినవాళ్ళకి కొబ్బరినూనె వల్ల కీడు జరుగుతుందన్న ఆలోచనే రాదు.

జూలైలో పదిహేడో నంబరు బుష్షులో గేజీ కాస్త బిగువుగా వెళ్ళింది. మిగతావాటికి ఒక్కసారే పెట్టిన గేజీని అనుమానం తీరక దీనికి నాలుగుసార్లు పెట్టి తీసింది. ప్రతిసారీ నూనె చేత్తోనే. బుష్షు లోపల చిన్న గాడి ఉంటుంది. అందులో చేరిందేదో చేరింది. ఆ మీదట తనే పిన్ను దిగ్గొట్టించి, కవర్లో సీలు వేయించి, సంతకం పెట్టింది.

జడ ఎలా వేసిందో హెలెన్‌ని బస్సెలా ఎక్కించిందో మెర్సీకి గుర్తులేదు.

షెడ్డుకి వెళ్ళేసరికి మూర్తి గారు రిపోర్టు టైపు చేయించి ఉంచారు. పనివాడి అవగాహనారాహిత్యం వల్ల లోపం జరిగింది, బాధ్యుణ్ణి తొలగించాం, ఇకపై జరగదు. కింద ఇన్‌స్పెక్టర్ సంతకానికి జాగా వదిలారు.

సాయిప్రసన్నకి అది నచ్చలేదు. "ఈ గీతల లోతు అర మైక్రాన్ కూడా లేదండి. దీనివల్ల అంత ఆలస్యం రాదు," అంది.

"మరింకేం కారణం ఉందండి?"

"అదే తెలియట్లేదు." ఆమె రెండు చేతులతో కణతలు నొక్కుకుంది. "విప్పి చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. కాస్త నూనె జిడ్డు ఉందంతే, ప్యాకింగ్ ఆయిలు అనుకున్నాం. ఇంకేమీ దొరక్కపోతే ఇదే పంపిస్తాను. కానీ దీంతో నా స్ప్రింగు బతకదండి."

నూనె జిడ్డు అన్న మాటకి మెర్సీ తన అరచేతులు చూసుకుంది. చెప్పబోయి ఆగింది. రుజువు లేకుండా చెబితే నవ్వుతారు, రుజువుతో చెబితే గెంటేస్తారు. గెంటేస్తే ఈ చేతిని ఇంకో షెడ్డులో ఎవరు ముట్టుకోనిస్తారు?

"సంతకం పెట్టమ్మా. ఇరవై రెండు కుటుంబాల సంగతి," అన్నారు మూర్తి గారు కలం అందిస్తూ.

"గేజీలు ఇంకొక్కసారి చూసుకుని పెడతానండి."

సాయంత్రం తుక్కు డబ్బాలోంచి రెండు పనికిరాని కీళ్ళు తీసింది. అంచు దెబ్బతిని పక్కన పడేసినవి. ఒకదాన్ని పెట్రోలుతో మూడుసార్లు కడిగి, గ్లవుసులు వేసుకుని బిగించింది. రెండోదాన్ని జూలైలో చేసినట్టే చేసింది. చేతులకి నూనె రాసుకుంది, గేజీ నాలుగుసార్లు పెట్టి తీసింది, పిన్ను దిగ్గొట్టింది. రెండూ సులువుగా తిరిగాయి. విడివిడి కవర్లలో గాలి లేకుండా చుట్టి క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టి, పైన మధ్యాహ్నం తినకుండా మిగిల్చిన పెరుగన్నం గిన్నె పెట్టింది. తుక్కయినా సరే, ఆ గేటు దాటి ముక్క బయటికి పోకూడదు. మొదటి రోజే సంతకం పెట్టించుకున్న రూలది. వాచ్‌మన్ క్యారేజీ మూత తీసి చూసి, "అన్నం తినలేదేంటమ్మా?" అన్నాడు. వంట్లో బాగోలేదంది. అది మాత్రం నిజమే.

*

మెర్సీ భర్త శ్యాంబాబు కడియం దాటాక ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో ఫ్రీజరు ఆపరేటరు. ఎగుమతి రొయ్యల్ని అక్కడ మైనస్ నలభైలో గడ్డకట్టిస్తారు. రాజమండ్రి చుట్టుపక్కల అంత చలి దొరికే చోటు ఇంకొకటి ఆమెకి తెలియదు.

"ఓడల్ని ముంచేదాని కోసం నువ్వు కన్నీళ్ళు పెట్టుకోవడం ఏంటే?" అన్నాడు శ్యాంబాబు కవర్లు చూసి.

"ఓడల కోసం కాదండి, బాబాయ్ కోసం. తన చెయ్యే పాడైందనుకుంటున్నాడు."

"తేలితే నీ ఉద్యోగం పోద్ది. తెలుసుగా?"

"తెలుసండి."

శ్యాంబాబు రెండు కవర్లూ జేబులో వేసుకుని, "రొయ్యల వాసనొస్తే నన్ననకు," అన్నాడు.

గురువారం సగంరోజు సెలవు పెట్టి మెర్సీ ఫ్యాక్టరీ గేటు బయట నిలబడింది. పన్నెండున్నరకి శ్యాంబాబు దళసరి కోటుతో, గమ్‌బూట్లతో, చిన్న థర్మోకోల్ పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. ఎండలో ఆ వేషం చూసి టీ కొట్టు దగ్గర ఇద్దరు నవ్వారు. "పొద్దున్న ఎనిమిదింటికి పెట్టాను. నాలుగు గంటలు దాటింది," అన్నాడు.

ఆమె గ్లవుసులు తొడుక్కుని కడిగిన కీలు తీసింది. కవరు చింపి తిప్పింది. తిరిగింది. రెండోది తీసింది. అది తిరగాలని కోరుకుంటోందో తిరగకూడదని కోరుకుంటోందో ఆమెకే తెలియదు. తిరిగితే తన ఉద్యోగం మిగులుతుంది, తిరక్కపోతే బుల్లియ్య చెయ్యి మిగులుతుంది.

రెండు చేతులతో బలంగా తిప్పినా అది కదల్లేదు.

"నేను చూస్తానుండు," అని శ్యాంబాబు లాక్కుని తిప్పాడు. గిర్రున తిరగాల్సిన కీలు మొరాయించి, కిర్రుమని కాస్త జరిగి ఆగిపోయింది. అతను దాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని గోడమీద ఎండలో పెట్టి చూస్తూ నిలబడింది. పది నిమిషాల తర్వాత తిప్పితే హాయిగా తిరిగింది. ఏమీ జరగనట్టే, శుభ్రంగా, కాస్త జిడ్డుగా. లాబ్‌లో వాళ్ళు విప్పేసరికి చూసింది ఈ రూపాన్నే. మెర్సీ గోడకానుకుని ఏడ్చింది. టీ కొట్టు దగ్గరివాళ్ళు ఈసారి నవ్వలేదు.

*

ధవళేశ్వరంలో బుల్లియ్య ఇంటికి ఆమె వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. వీరమ్మ గుమ్మంలోనే ఆపి, "రెండ్రోజులై సరిగ్గా తినట్లేదే. ఇందాక చొక్కా గుండీ పెట్టుకోడానికి కూడా నన్నే పిలిచేడు. చేతులు వణుకుతున్నాయంటాడు. ఎప్పుడూ వణకని చేతులే!" అంది.

బుల్లియ్య అరుగుమీద చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. మెర్సీ ఫ్యాక్టరీ దగ్గర ఐసు నింపుకుని తెచ్చిన ఫ్లాస్కు మూత తీసింది. ఐసు ముక్కల మధ్యనుంచి రెండు కవర్లు తీసి ఆయన ముందు పెట్టింది.

"తిప్పి చూడు, బాబాయ్."

"నాకెందుకమ్మా ఇప్పుడు..."

"చూడు."

మొదటిది తిప్పాడు. తిరిగింది. రెండోది బిగిసిపోయి ఉంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తిప్పబోయాడు. అరచేతి వేడికి కాసేపట్లో అది మెత్తబడి, ఆ తర్వాత తిరిగింది.

"రెండు పిన్నులూ నువ్వు చేసినవే. రెంటికీ నీ ఎమరీ పట్టు ఉంది. ఒకదానికి నా నూనె ఉంది, అంతే."

బుల్లియ్యకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మొహంలోకి నెత్తురొచ్చింది.

"నా చెయ్యి కాదన్నమాట!" అన్నాడు. "వీరమ్మా, నా చెయ్యి కాదంటే!" చేతులు రెండూ ముందుకి చాపి చూసుకున్నాడు. అవి ఇంకా కాస్త వణుకుతూనే ఉన్నాయి, అయినా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

"నూనె రాసుకోమంది నేనే కదమ్మా."

మెర్సీ తల దించుకుంది. నూనె సలహా ఆయనదేనని గుర్తు చెయ్యకుండా చెయ్యి మంచిదేనని చెప్పే దారేదైనా ఉందేమోనని కడియం నుంచి వచ్చేటప్పుడు బస్సంతా ఆలోచించింది. దొరకలేదు.

"పోనీలే," అన్నాడాయన. "నాకు తెలిసింది, చాలు. నువ్వెక్కడా అనకు. ఎలాగూ అరవై దాటేను, ఆ నింద నామీదే ఉండనీ. నీకు చిన్నపిల్లుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేసి నీ పని నువ్వు చేసుకో."

ఆమెకి ఆశ పుట్టింది. పుట్టినందుకు సిగ్గు కూడా వేసింది. సంతకం పెట్టి రేపట్నించి గ్లవుసులు వేసుకుంటే చాలు.

"ఆ డిజైనరమ్మ ఏమంటోంది?" అన్నాడు బుల్లియ్య.

"రేపు సాయంత్రానికి కారణం తెలియకపోతే ఆ కీలే తీసేస్తారట. ఆరేళ్ళ పనట. నిన్న కణతలు పట్టుకుని కూర్చుంది. జూలైలో పంపినవి ఇంకా నలభై కీళ్ళున్నాయి వాళ్ళ దగ్గర. వాటన్నిట్లోనూ ఎంతో కొంత నా నూనె ఉంది."

బుల్లియ్య కీలు తిప్పుతూనే ఉన్నాడు. మనసులో ఏదో సరిచూసుకుంటున్నట్టు చాలాసేపు తిప్పాడు.

"తప్పు చోట కోత పెడితే జబ్బు అలాగే ఉంటదమ్మా," అన్నాడు చివరికి. "నేనిందాక తప్పు మాటన్నాను. వెళ్ళి చెప్పెయ్."

*

శుక్రవారం పదింటికి సాయిప్రసన్న ఆఫీసు గదిలో సంచీ సర్దుకుంటోంది. మూర్తి గారు రిపోర్టు పట్టుకుని సంతకం కోసం ఎదురుచూస్తున్నారు. మెర్సీ క్యారేజీ బల్లమీద పెట్టి, ఫ్లాస్కు పక్కన పెట్టి, నిలబడే మొత్తం చెప్పింది. చెప్పేటప్పుడు గుమ్మంలోంచి కనబడే వీరభద్రుడి ఫోటో వైపే చూసింది. ఆమె దేవుడు కాకపోయినా, ఉగ్రరూపమే అయినా, అక్కడ తనమీద కోపం లేనిది ఆ ఫోటో ఒక్కటే అనిపించింది.

సాయిప్రసన్న ఫ్లాస్కులోని ఐసులోంచి రెండు కీళ్ళూ తీసి తిప్పింది, ఒకటి కదల్లేదు. మళ్ళీ తిప్పింది.

"మైనస్ నలభై మీకెక్కడ దొరికిందండి?"

"రొయ్యల ఫ్యాక్టరీలోనండి."

"నా కీలుని రొయ్యల్లో పెట్టారా?"

"తుక్కు డబ్బాలోవేనండి. ట్రేలో, పక్కగా."

సాయిప్రసన్న నవ్వుతుందో అరుస్తుందో తెలియలేదు. కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది. ఆమె భుజాలు కదిలాయి. చేతులు తీశాక చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. "స్ప్రింగు కాదు," అంది గొణుగుతున్నట్టు. "నా స్ప్రింగు కాదు." వెంటనే లేచి లాబ్‌కి ఫోను చేసి, మిగిలిన నలభై కీళ్ళూ విప్పి కడగమని, చలిపెట్టె సిద్ధం చేయమని చెప్పింది.

మూర్తి గారి మొహం పాలిపోయింది. "గేటు దాటించావా? మెర్సీ, గేటు దాటించావా?" అదొక్కటే మాట. ఆయన తప్పూ లేదు. రూలు రాసి ఉంది, అది చూసీచూడనట్టు వదిలేస్తే షెడ్డే పోతుంది. బుల్లియ్యకి ఫోను చేసి సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ ఫోను పెట్టేశాక ఆమె వైపు చూడకుండా, "నీ గేటు పాసు అక్కడ పెట్టమ్మా," అన్నారు. మెర్సీ మెళ్ళోంచి పాసు తీసి రిపోర్టు మీద పెట్టింది. అందులో కింద సంతకం జాగా ఖాళీగానే ఉంది.

గేజీల పెట్టె అప్పగించడానికి తన బల్ల దగ్గరికి వెళ్ళింది. సొరుగులోంచి నూనె సీసా తీసి సంచీలో వేసుకుంది. బుల్లియ్య సోమవారం దాకా ఆగలేదు, ఫోను వచ్చిన అరగంటకే ఆటోలో దిగాడు. ఆమె మెడలో పాసు లేకపోవడం చూసి లోపలికి రాకుండా తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"మెర్సీ గారూ, ఒక్క నిమిషం," అంటూ సాయిప్రసన్న వెనకే వచ్చింది. ఆమె చేతిలో పన్నెండు కొత్త పిన్నులున్న ట్రే ఉంది. "మీ చెయ్యి తగిలితే ఉక్కుకి తుప్పు పడుతుందన్నారు. నిజమేనా?"

మెర్సీ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నిజమేనండి."

"ఓడమీద దీన్ని హెలికాప్టర్‌కి తగిలించేది నేవీ కుర్రాళ్ళండి. ఉప్పుగాలి, చెమట. వాళ్ళలో మీలాంటి చెయ్యి ఎవరికో ఒకరికి ఉంటుంది. ఆరేళ్ళలో నాకా ఆలోచనే రాలేదు. లాబ్‌లో మేమంతా గ్లవుసులతోనే ముట్టుకున్నాం." ఆమె ట్రే బల్లమీద పెట్టింది. "నూనె లేకుండా, ఒక్కోదాన్ని గట్టిగా పట్టుకుని వదలండి. పిన్ను లోహం మార్చాలో, పైన పూత వెయ్యాలో ఇవి చూసి తేల్చుకుంటాను. నాకు అన్నిటికన్నా చెడ్డ చెయ్యి కావాలండి."

మూర్తి గారు గుమ్మంలోంచి ఏదో అనబోయి ఊరుకున్నారు.

మెర్సీ కుళాయి దగ్గరికెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఆరేళ్ళుగా ఎవరి ముందూ వట్టి చేత్తో ఉక్కు ముట్టుకోలేదు. చీరకొంగుతో తుడుచుకుని, చెమట పట్టేదాకా గుప్పిళ్ళు బిగించి నిలబడింది. తర్వాత మొదటి పిన్ను తీసి బొటనవేలూ చూపుడువేలూ ఆనించి గట్టిగా నొక్కింది. రెండోది, మూడోది. పన్నెండూ అయ్యేదాకా షెడ్డులో ఎవరూ మిషను వేయలేదు.

బుల్లియ్య దగ్గరికొచ్చి ట్రేలోకి వంగి చూశాడు. పిన్నులు ఇంకా తళతళలాడుతూనే ఉన్నాయి.

"ఎప్పటికి తేలుతుందండి?" అంది సాయిప్రసన్న.

"రేపు పొద్దుటికల్లా," అంది మెర్సీ.